మూడో వరసలో ఎడమ

కెప్టెన్ సారు మొదటిసారి నా షాపు మెట్లెక్కినప్పుడు ఆయన చంకలో పిల్లలు బొమ్మలు గీసుకునే డ్రాయింగ్ పుస్తకం ఉంది. నేను ఒక పెళ్లికార్డులో వరుడి చదువు సరిచేస్తున్నాను. రెండు వేల అయిదో ఆరో, సరిగ్గా గుర్తులేదు. సత్తుపల్లిలో ఫ్లెక్సీ బోర్డులు అప్పుడప్పుడే దిగుతున్న రోజులు.

"పెళ్లికార్డులు చేసేది నువ్వేనా?" అన్నాడు.

"అవ్ సార్. పెళ్లి ఎవరిది?"

"పెళ్లి లేదు గిళ్లి లేదు. విమానం నడిపేటోళ్లకు ఒక కాగితం చెయ్యాలె. చేస్తవా?"

నవ్వులాటకు అంటున్నాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. స్టూలు లాక్కుని నా కంప్యూటర్ పక్కన కూర్చున్నాడు.

ఆయన్ని అంతకు ముందు దూరం నుంచి చూశాను. దమ్మపేట అవతల, అడవి మొదలయ్యే చోట ఒక పల్లెలో మిషన్ బడి పంతులుగారి కొడుకు. మిలిటరీ విమానాల్లో చేరి, తర్వాత ప్రయాణికుల విమానాలు నడిపి, రిటైరయ్యాక భార్యతో సొంతూరికి వచ్చి పామాయిలు తోట వేసుకున్నాడు. ఆమె పట్నంలో దవాఖానాలో నర్సుగా చేసి మానేసింది. మందుల చీటీ పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లని ఇల్లు ఆ ఊళ్లో లేదు. ఆయన పాత జీపు వేసుకుని సత్తుపల్లి వస్తే ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేవాళ్లు.

డ్రాయింగ్ పుస్తకం తెరిచాడు. పెన్సిల్‌తో గీసిన కొండలు, వాటి మీదుగా ఒక గీత.

"విమానం ముప్పై అయిదు వేల అడుగుల మీద పోతుంటది. ఆడ మనం గాలి పీల్చలేం. గందుకే లోపల గాలి నింపి ఉంచుతరు. గా గాలి బయటికి పోయిందనుకో, మాస్కులు కిందికి పడతయ్. జనం మాస్కులల్ల ఆక్సిజన్ పావుగంట వస్తది, కొంచెం అటూ ఇటూ. ఆలోపల పది వేల అడుగులకు దిగాలె. మన ఖమ్మం మీదైతే ముక్కు వంచి దిగుడే. కొండల మీదైతే ఏమైతది?"

"కొండకు తగుల్తది సార్."

"గదీ సంగతి. ముందు ఎటు తిరగాలె, ఎంతవరకు దిగాలె, ఇవి రెండూ కాగితం చెప్పాలె. దారిల ఏడ ఉన్నవో దాన్నిబట్టి జవాబు మారుతది."

ఆయన పనిచేసిన కంపెనీ వాడే కాగితం జిరాక్సు కాపీ చూపించాడు. నాలుగు మడతల పటం. రంగు రంగుల గీతల మధ్య చీమలు పాకినట్టు అక్షరాలు, అక్షరాల పక్కన చుక్కలు, చుక్కల అర్థం కింద ఇంకో పట్టికలో. రిటైరయ్యే ముందు సంవత్సరం ఆయనకు ఆ కాగితంతో నిజంగానే పని పడిందట. కొండల మీద హెచ్చరిక లైటు వెలిగింది. మాస్కు పెట్టుకున్నాడు. మాస్కు మీద కళ్లజోడు నిలవలేదు. పక్కన కూర్చున్న కుర్ర పైలట్ మడతలు విప్పి తలకిందులుగా పట్టుకున్నాడు. నిమిషంన్నర పాటు ఎటు తిరగాలో ఇద్దరికీ తెలియలేదు. తర్వాత లైటు దానంతటదే ఆరిపోయింది. అసలు గాలి పోనేలేదు, లైటుదే లోపం.

"ఎవ్వరికీ ఏం కాలే. నాకు మాత్రం ఆ నిమిషంన్నర ఇంకా అయిపోలే," అన్నాడు.

కంపెనీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, చివరికి వాళ్లు, మీరే ఒకటి తయారుచేసి తెండి, పరీక్షించి చూస్తాం అన్నారట.

"హైదరాబాద్‌ల చేయించొచ్చు గద సార్?" అని అడిగాను.

"ఆడికి పోతే అందంగ చేసిస్తరు. నాకు అందం వద్దు. పక్కన కూసుని ఇరవైసార్లు దిద్దుమంటే దిద్దేటోడు కావాలె."

ఒప్పుకున్నాను. ఒప్పుకున్నానని చెప్పడం చిన్న మాట. ఆ సాయంత్రం ఇంటికి ఎగురుకుంటూ వెళ్లాను. మా నాన్న, మేం అబ్బా అంటాం, బోర్డులు రాసేవాడు. దుకాణాలకు, లారీలకు, బడి గోడలకు ముప్పై ఏళ్లు అక్షరాలు రాశాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన చేతికి పని తగ్గింది. నా డీటీపీ పనిని ఆయన ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు గానీ, మెచ్చుకున్నదీ లేదు. విమానాల వాళ్లకు కాగితం చేస్తున్నానని చెబితే, తింటున్న రొట్టె పళ్లెంలో పెట్టి నా వైపు చూశాడు.

రెండున్నర నెలలు పట్టింది. కెప్టెన్ సారు వారానికి రెండుసార్లు వచ్చేవాడు. పటం తీసేశాం. చుక్కలు తీసేశాం. దారిని ఆరు ముక్కలు చేసి, ముక్కకు ఒక వరస పెట్టాం. వరసకు మూడు గళ్లు. మొదటి గడిలో అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో ఎటు తిరగాలో: లెఫ్ట్ లేదా రైట్. రెండో గడిలో ఏ దిక్కుకు పోవాలో ఒక నంబరు. మూడో గడిలో ఎంత ఎత్తుకు దిగొచ్చో. అంతే. కాగితానికి ఒకవైపు వెళ్లేటప్పటిది, రెండోవైపు తిరిగొచ్చేటప్పటిది. వెళ్లేటప్పుడు కుడిచేతి వైపు ఉండే మైదానం వచ్చేటప్పుడు ఎడమచేతి వైపు ఉంటుంది కదా, అందుకని మొదటి పేజీలో రైట్ ఉన్న చోట రెండో పేజీలో లెఫ్ట్ వస్తుంది. అన్ని వరసలూ ఒకేలా ఉండవు. రెండు మూడు చోట్ల లోయ అవతలి వైపు ఉంది. చదివేవాడు అలవాటు మీద ఊహించడానికి లేదు. కాగితాన్నే నమ్మాలి.

చేసిన ప్రతిసారీ పరీక్ష పెట్టేవాడు. నాకు మోటారు సైకిల్ హెల్మెట్ పెట్టించి, అద్దం దించి, లోపల ఆవిరి పట్టేదాకా మాట్లాడించి, అప్పుడు కాగితం చేతికిచ్చేవాడు. వాళ్ల తోట నుంచి అడవిలోకి పోయే బాటలో జీపు తోలుతూ, గుంతల్లో నేను ఎగిరెగిరి పడుతుంటే, "మాస్కు! తిరుగు ప్రయాణం, అయిదో ముక్క!" అని అరిచేవాడు. నేను గబగబా చదివేవాణ్ని. ఒకసారి అయిదో వరస బదులు నాలుగో వరస చదివాను. జీపు ఆపేశాడు. తిడతాడనుకున్నాను.

"తప్పింది నువ్వు గాదు తమ్మీ, కాగితం. చెప్పు, నీ కన్ను ముందు ఏడికి పోయింది?"

ఎప్పుడూ అదే ప్రశ్న. చదివినవాణ్ని ఒక్కసారి కూడా తప్పుపట్టలేదు. ఆ సమయంలో చదివేది పైలట్ కాదు, భయపడ్డ మనిషి, భయపడ్డ మనిషికి సాయం చెయ్యలేని కాగితం దండగ అనేవాడు.

సారు భార్య, మేడమ్ కూడా పరీక్షకు కూర్చునేది. కళ్లజోడు తీసేసి, టార్చిలైటు వెలుతురులో చూసి, పసుపురంగు గీత అసలు కనపడటం లేదని ఆమే చెప్పింది. రంగులు తీసేశాం. మా అబ్బా ఒకరోజు షాపుకు వచ్చి తెర వైపు చాలాసేపు చూశాడు.

"లారీ ఎనక రాసింది ఎనకొచ్చేటోడు ఒక్క చూపుల చదవాలె సార్. అక్షరం లావు చేస్తే సరిపోదు. సుట్టూ జాగా ఇడవాలె," అన్నాడు.

కెప్టెన్ సారు లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. జాగా వదిలాం. ఆ వారం పరీక్షలో ఎవరూ తప్పు చదవలేదు.

ఆఖరి ప్రూఫ్ రోజు దంపతులిద్దరూ వచ్చారు. మేడమ్ డ్రాయింగ్ పుస్తకంలో చూసి ఒక్కో గడి పైకి చదివింది. సారు ప్రూఫ్ మీద చూసి, ఒక్కో గడి పక్కన నీలం ఇంకుతో టిక్కు పెట్టాడు. రెండు పేజీలకు గంటన్నర పట్టింది. కింద సంతకం చేసి కాగితాలు నా చేతిలో పెట్టాడు.

"ఇగ దీన్ని ముట్టుకోవద్దు. రేపు పది కాపీలు తీసి లామినేషన్ చేసి పెట్టు. ఎల్లుండి ఢిల్లీ బండెక్కుతున్న."

మర్నాడు పొద్దున ప్రింటు తీద్దామని ఫైలు తెరిచాను. రెండో పేజీలో మూడో వరసలో లెఫ్ట్ అన్న గడి మిగతా వాటికంటే వెంట్రుకవాసి కిందికి ఉంది. ఎవరికీ కనపడదు. నాకు కనపడింది. బోర్డులు రాసేవాడి కొడుకును, కనపడ్డాక ఊరుకోలేకపోయాను. ముట్టుకోవద్దన్న మాట నాకు గుర్తుంది. గుర్తుండే ముట్టుకున్నాను. జరిపితే ఆ గడి ఒక్కటే జరగడం లేదు, పక్క గడిని కూడా లాక్కుపోతోంది. విసుగొచ్చి దాన్ని తీసేసి, మొదటి పేజీలో సరిగ్గా ఉన్న గడిని తెచ్చి అక్కడ అతికించాను. లోపలి మాట మార్చాలి. మార్చబోతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది. దాని బ్యాటరీ అయిదు నిమిషాలు కూడా ఆగేది కాదు. ఉన్నది ఉన్నట్టు సేవ్ చేసి కంప్యూటర్ ఆపేశాను. అంతలో హాల్ టికెట్ల జిరాక్సులంటూ డిగ్రీ పిల్లలు వచ్చి, కరెంటు వచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నారు.

కరెంటు వచ్చాక వాళ్ల పని చేసి పంపి, ఫైలు తెరిచి చూశాను. గళ్లన్నీ దారం పట్టి కట్టినట్టు ఒకే వరసలో ఉన్నాయి. ఆ వరసను చూశాను గానీ ఆ మాటను చూడలేదు. పది కాపీలు తీసి లామినేషన్ చేశాను.

ఆయన వెళ్లిన నాలుగో రోజు మధ్యాహ్నం ఫోను వచ్చింది.

"తమ్మీ, నేను సంతకం పెట్టిన ప్రూఫ్ నీ తాన్నే ఉంది గద?"

"ఉంది సార్."

"రెండో పేజీ, మూడో వరస చూడు. మొదటి గడిల ఏముంది?"

సొరుగు లాగి ప్రూఫ్ బయటికి తీశాను. లెఫ్ట్ అని ఉంది. దాని పక్కన నీలం టిక్కు. తల తిప్పి కంప్యూటర్‌లో ఫైలు చూశాను. రైట్ అని ఉంది. కరెంటు పోయిన పొద్దుటిపూట మొత్తం ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చింది.

"ఉన్నవా తమ్మీ?"

"ఉన్న సార్."

"ఏముంది?"

"రైట్ అనే ఉంది సార్."

అబద్ధం చెప్పాలని నేను ముందుగా అనుకోలేదు. అనుకోలేదన్న మాటతో నాకు నేను చాలాకాలం సర్ది చెప్పుకున్నాను. కానీ నోట్లోంచి వచ్చిన మాటను వెంటనే వెనక్కి తీసుకోవడానికి సమయం ఉంది.

"నేను టిక్కు పెట్టిన్నా దానికి?"

"పెట్టిండ్రు సార్."

ఇది నిజం. ఆ రోజు నేను చెప్పిన మాటల్లో అన్నిటికన్నా ఎక్కువ హాని చేసింది ఈ నిజమే.

"నా బుక్కుల లెఫ్ట్ అనే ఉంది. మేడమ్ లెఫ్ట్ అనే చదివింది. నేను రైట్‌ను చూసి టిక్కు పెట్టిన్నంటే..." అని ఆగిపోయాడు. "మంచిది. ఉంచు."

పది రోజుల తర్వాత షాపుకు వచ్చాడు. ఆయన ప్రూఫ్ అడిగితే ఎక్కడో పోయిందని చెప్పాలని తయారుగా ఉన్నాను. దాన్ని పెళ్లికార్డుల నమూనాల అడుగున దాచాను. ఆయన అడగలేదు. నా మాటకు సాక్ష్యం కావాలని ఆయనకు తోచనే లేదు. టీ తెప్పించాను. గ్లాసు పట్టుకుని జరిగింది చెప్పాడు.

కంపెనీ శిక్షణ కేంద్రంలో అచ్చం విమానం లాగే ఊగే గది ఉంటుందట. కిటికీ బదులు తెరలు, తెరల మీద కొండలు. ఇద్దరు కుర్ర పైలట్లను కూర్చోబెట్టి, మాస్కులు పెట్టించి, మా కాగితం ఇచ్చారు. మొదటి పేజీ ఆరు వరసలూ సరిగ్గా చేశారు. పాత కాగితం కన్నా సగం సమయం కూడా పట్టలేదని పరీక్ష పెట్టినవాళ్లు చప్పట్లు కొట్టారట. రెండో పేజీలో మూడో ముక్క వచ్చింది. వాళ్లు కుడికి తిరిగారు. తెర నిండా కొండ వచ్చింది. గది ఊగడం ఆగిపోయి తెరంతా ఎర్రగా అయిపోయింది.

"రెండో గడిల నంబరు కరెక్టే ఉంది తమ్మీ. ఇద్దరిల ఒక్కడు నంబరు చూసినా ఆగేటోడు. పెద్దక్షరం చూసి తిరిగిండ్రు. మనం కోరుకున్నది గదే గద," అన్నాడు. అని నవ్వడానికి ప్రయత్నించాడు.

"ఇగ ఏమంటరు సార్ వాళ్లు?"

"ఏమంటరు? మర్యాదగనే చెప్పిండ్రు. ఇగ మేం చూసుకుంటం, మీరు రెస్టు తీసుకోండన్నరు. నిజమే. కళ్ల ముందు రైట్ పెట్టుకుని లెఫ్ట్ అని చదివేటోడు గీ పని చెయ్యగూడదు."

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఇంకోటి ఉండదు. ఆయన ఎదురుగా ఉన్నాడు, ప్రూఫ్ నా మోకాలి దగ్గర సొరుగులో ఉంది. నేను గ్లాసులు కడగడానికి లేచాను. షాపుకు చెడ్డపేరు వస్తుందని భయపడ్డానని తర్వాత అనుకున్నాను, కానీ అది కాదు. ఆ మనిషి దృష్టిలో నేను మంచి పనివాణ్ని. అది పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. తప్పు చేసినవాణ్ని ఆయన తిట్టడని జీపులో ఎన్నిసార్లు చూశానో! అది తెలిసీ చెప్పలేదు.

ఆ తర్వాత ఆయన రావడం మానేశాడు. జీపు కూడా సత్తుపల్లిలో కనపడలేదు.

"కెప్టెన్ సాబ్ వస్తలేడేంది?" అని మా అబ్బా ఒకటి రెండుసార్లు అడిగాడు. పని అయిపోయిందన్నాను. చేసిన కాగితం ఒకటి ఇంటికి తెచ్చి గోడకు పెట్టమన్నాడు. కాపీ మిగల్లేదని చెప్పాను. ఒక అబద్ధానికి ఎన్ని పిల్లలు పుడతాయో అప్పుడు తెలిసింది.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు మేడమ్ ఒక్కతే ఆటో దిగింది. సంచిలోంచి చిన్న కాగితం తీసి నా ముందు పెట్టింది. ఆమె చేతిరాతలో నాలుగు లైన్లు ఉన్నాయి.

గ్యాస్ ఆపానా.
మోటరు బంద్ చేశానా.
బీపీ గోళీ వేసుకున్నానా.
గేటుకు తాళం వేశానా.

"దీన్ని పెద్దక్షరాలతోటి చేసి లామినేషన్ చెయ్యాలె బాబూ. సుట్టూ జాగా ఇడిసిపెట్టమన్నడు సార్. నీ తాన్నే చేయించమన్నడు. నువ్వైతే చదవొచ్చేటట్టు చేస్తవంట," అంది.

"సార్‌కు ఎందుకమ్మా ఇది?" అన్నాను.

ఆమె స్టూలు మీద కూర్చుంది. ఎవరికైనా చెప్పుకోవాలని చాలా రోజులుగా ఉన్నట్టుంది.

"ఏం జెప్పాలె. ఢిల్లీకి పోయొచ్చిన కాన్నుంచి ఆయన మీద ఆయనకే నమ్మకం లేదు. గ్యాస్ పదిసార్లు చూస్తడు. జీపు తాళాలు నా చేతికిచ్చిండు, తోలనన్నడు. చర్చిల వాక్యం చదివేటోడు, గది గూడ మానేసిండు. లైను తప్పు చదువుతనేమో అంటడు. హైదరాబాద్‌ల తలకాయ స్కానింగ్ తీయించిన. మంచిగుందన్నరు డాక్టర్లు. ఆయన నమ్మడు. మిషన్‌ల కనపడనిది నాకు ఆడ కనపడ్డది అంటడు."

నేను ఆ నాలుగు లైన్లు టైపు చేశాను. నాలుగు లైన్లకు గంట పట్టింది. చుట్టూ జాగా వదిలాను. పైకి చదివాను, ఆమెతో చదివించాను, ప్రింటు తీశాక మళ్లీ చదివాను. ఆమెకు కూడా అప్పుడు చెప్పలేకపోయాను. కాగితం వేడివేడిగా తీసుకుని, "మంచిగ కనపడుతుంది," అని ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

షాపు షట్టరు దించేశాను. నమూనాల అడుగు నుంచి ప్రూఫ్ తీసి చొక్కా లోపల పెట్టుకుని, పక్క దుకాణం వాళ్ల మోటారు సైకిల్ అడిగి తీసుకుని దమ్మపేట రోడ్డెక్కాను. దారిలో రెండుసార్లు ఆగాను. రెండోసారి ఆగినప్పుడు బండి వెనక్కి తిప్పాను కూడా. మళ్లీ తిప్పాను.

ఆయన వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి, "రా తమ్మీ, ఆమె ఇప్పుడే వచ్చింది. కాగితం మంచిగ చేసినవ్," అన్నాడు.

నేను ప్రూఫ్ తీసి మంచం మీద పెట్టాను.

"ఇదేంది?"

"మీరు సంతకం పెట్టిన ప్రూఫ్ సార్. మూడో వరస చూడండి."

కళ్లజోడు పెట్టుకున్నాడు. మూడో వరస మీద వేలు పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. కాగితాన్ని వరండా అంచుకు, వెలుతురులోకి తీసుకెళ్లి చూశాడు.

"లెఫ్ట్ అని ఉంది," అన్నాడు.

"అవ్ సార్. మీరు కరెక్టుగనే చూసిండ్రు. తెల్లారి నేను గడి మార్చిన. మాట మార్చుడు మర్చిపోయిన."

ఆయన లోపలికి వెళ్లి డ్రాయింగ్ పుస్తకం, పెన్ను తెచ్చుకున్నాడు. మంచం మీద కూర్చుని అడగడం మొదలుపెట్టాడు. గొంతులో కోపం లేదు. ఏ టైముకు ఫైలు తెరిచినవ్? ఎందుకు ముట్టుకున్నవ్? ఎంత కిందికి ఉండె గడి? కరెంటు ఎన్నింటికి పోయింది? ప్రింటు తీసినంక ఎవరన్న చదివిండ్రా? నేను చెప్పిందల్లా రాసుకున్నాడు. గడి వెంట్రుకవాసి కిందికి ఉందని చెప్పినప్పుడు మాత్రం పెన్ను ఆపి ఒకసారి నా ముఖంలోకి చూశాడు.

"నేను ఫోను చేసినప్పుడు ప్రూఫ్ నీ చేతిల ఉందా?"

"ఉంది సార్."

"లెఫ్ట్ అని చదివినవా?"

"చదివిన సార్."

ఇది మాత్రం రాయలేదు. పుస్తకం మూసేశాడు.

"ఆఖరి మార్పు అయినంక ఇద్దరు మనుషులు మళ్లీ చదవాలె. ఆ రూలు నేను పెట్టలే. గది నా తప్పు, గదే కంపెనీకి రాస్త. కరెంటు పోవుడు, గడి జరుపుడు, ఎవరికన్న జరుగుతది. ఫోన్ల చెప్పింది ఆ రిపోర్ట్‌ల రాసేది గాదు."

"మాఫ్ చెయ్యండి సార్," అన్నాను.

అప్పటికే మేడమ్ గడపలో నిలబడి ఉంది. ఎంతవరకు విన్నదో తెలియదు. నాకు మంచినీళ్లు తెచ్చినట్టుంది, గ్లాసు ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"నాలుగు నెలలు," అంది. "నాలుగు నెలలు ఆయన నిద్ర పోలే. నువ్వు మా ఇంట్ల తిన్నవ్. ఇయ్యాల పొద్దున నీ ముంగట కూసుని గంట సేపు చెప్పుకున్న. అప్పుడన్న నోరు రాలేదా?"

"రాలేదమ్మా."

"పో బాబూ. ఇగ పో."

లేచాను. నేను మెట్లు దిగుతుంటే సారు ఆ ప్రూఫ్‌ను మళ్లీ చేతిలోకి తీసుకుని చూస్తున్నాడు. వచ్చేటప్పుడు, చెప్పేస్తే గుండె తేలికవుతుందని అనుకున్నాను. తేలిక కాలేదు. ఆయన తిడితే అయ్యేదేమో.

ఆ రాత్రి మా అబ్బాకు చెప్పాను. ఆయన చాలాసేపు బీడీ తాగి, "నేను రాసిన బోర్డుల తప్పులుంటే ఊరంతా చూసేది. నీయి సొరుగుల్ల ఉంటయ్," అని లేచి వెళ్లి పడుకున్నాడు.

ఆ తర్వాత రెండు మూడేళ్లకు, ఒకసారి ఖమ్మం పోయే బస్సులో ఖాళీ సీటు చూసుకుని కూర్చోబోతే కిటికీ పక్కన కెప్టెన్ సారు ఉన్నాడు. వెనక్కి పోదామనుకున్నాను. ఆయనే చూసి, "కూసో," అన్నాడు.

పామాయిలు గెలలకు ఈసారి తెగులు వచ్చిందని చెప్పాడు. నా పెళ్లి అయిందా అని అడిగాడు. తల్లాడ దాటాక, నేను అడగకుండానే కాగితం సంగతి చెప్పాడు. కంపెనీవాళ్లు మా గళ్లే ఉంచుకున్నారట. కాకపోతే తిరిగే వైపును, దిక్కు నంబరును రెండింటినీ ఒకే సైజు చేసి, పైలట్ ఒకటి చదివితే పక్కవాడు రెండోది పైకి చదవాలని పెట్టారట.

"మనం చేసినదానికన్న అదే మంచిగుంది," అన్నాడు.

మనం అన్నాడు. ఆ మాట పట్టుకుని ధైర్యం తెచ్చుకున్నాను.

"ఇప్పుడు జీపు తోలుతున్నరా సార్?"

"అమ్మేసిన."

"మీ తప్పేం లేదని తెలిసింది గద సార్."

"తెలిసింది. ఆమె గూడ గదే అంటది." కిటికీ లోంచి బయటికి చూశాడు. "స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం, నిజంగనే కుడిపక్క చూసిన్నా లేదా అని మళ్లీ మళ్లీ అనిపిస్తది. చూసిన్నని తెలుసు. అయినా అనిపిస్తది. ఒకసారి అలవాటయినంక పోదు తమ్మీ."

చర్చిలో మళ్లీ చదువుతున్నారా అని అడగాలనుకున్నాను. అడగలేదు. వైరా దగ్గర ఆయనకు నిద్రపట్టి తల నా భుజం మీదికి వాలింది. ఆ తల బరువుకు కదలకుండా, బస్సు ఊగినప్పుడల్లా చేత్తో ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. ఖమ్మం వచ్చాక లేపాను. నిద్రమత్తులో సంచి వెతుక్కుని, చొక్కా జేబు తడుముకుని, టిక్కెట్టు ఉందో లేదో చూసుకుని, మళ్లీ చూసుకుని దిగాడు.